ముఠా మేస్త్రిని ఇంగ్లీషులో ఏమంటారు

మా నాన్న మాచర్లలో ముఠా మేస్త్రి. నాపరాళ్ళకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీల దగ్గర లారీలకు బండలెత్తే పన్నెండు మంది ముఠాకు పెద్ద. పెద్ద అంటే కుర్చీ వేసుకుని కూర్చునే పెద్ద కాదు. ఫలానా చోట లారీ నిలబడిందని ఫోనొస్తే మిగతా పదకొండు మందినీ కేకేసి తీసుకెళ్తాడు. ఎవరు ఏ వైపు పట్టాలో చెబుతాడు. బండ లేచేటప్పుడు అందరి ఊపిరీ ఒకేసారి బిగిసేలా 'హైలెస్సా' అని అరుస్తాడు. కూలి వస్తే అందరికీ ఎంతో మేస్త్రికీ అంతే. ఇదీ మా నాన్న ఉద్యోగం. ఇంత చిన్న సంగతిని ఇంగ్లీషులో ఒక గడిలో రాయలేక నేను చేసిన నిర్వాకం చెబుతాను. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత ఘనకార్యం కాదు మరి.

సివిల్స్ వైపు రాకముందు హైదరాబాదులో ఒక ప్రైవేటు కంపెనీలో ఎనిమిదేళ్ళు పనిచేశాను. ఉద్యోగాలకొచ్చేవాళ్ళ రెజ్యూమెలు చదవడం, వాళ్ళను ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడం, రాసినదాంట్లో అబద్ధాలు పట్టుకోవడం నా పని. అందులో నాకు మంచి పేరుండేది. ఒకసారి గురజాల వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. నోరు తెరవగానే మా యాస పట్టేశాను. ఊళ్ళో ట్యూషన్లు చెప్పుకునే పిల్ల, దాన్ని 'అకడమిక్ కోఆర్డినేటర్' అని రాసుకొచ్చింది. ఇది నిజమేనా అని అడిగితే ఏడ్చేసింది. "ట్యూషనే మేడం. అట్టా రాస్తే ఎవరూ పిలవట్లేదని..." అంది. ఉద్యోగం ఇవ్వకపోగా నిజాయితీ గురించి పది నిమిషాలు పాఠం చెప్పి పంపాను. మన వైపు పిల్ల గదా అని కాస్త మెత్తగా మాట్లాడాల్సింది పోయి, అందుకే ఇంకాస్త గట్టిగా మాట్లాడాను. పక్కనే మా మేనేజరు కూర్చుని ఉన్నాడు. నేనూ ఆ వైపు దాన్నేనని ఆయనకు గుర్తు రాకూడదని నా తాపత్రయం. థూ, ఏం బతుకు!

ముప్ఫై దాటాక ఉద్యోగం మానేసి పరీక్షలకు కూర్చున్నాను. రెండుసార్లు రాతపరీక్షల్లోనే పోయింది. మూడోసారి గట్టెక్కి ఇంటర్వ్యూ దాకా వచ్చాను. వయసు ప్రకారం అదే ఆఖరి అవకాశం. అది కూడా పోతే, పాత కంపెనీలో నా దగ్గర పని నేర్చుకున్నవాళ్ళ కింద చేరాలి. వాళ్ళు చేర్చుకుంటేనే.

ఢిల్లీలో ఇంటర్వ్యూ చేసేవాళ్ళ ముందు మన వివరాల ఫారం ఒకటి ఉంటుంది. అందులో తండ్రి వృత్తి అని ఒక గడి. నేను ముందు ఉన్నదున్నట్టు, 'హెడ్ ఆఫ్ ఎ లోడింగ్ గ్యాంగ్' అని రాశాను. మాకు శిక్షణ ఇచ్చే సారు అది చదివి పడీ పడీ నవ్వాడు.

"అమ్మా తల్లీ! పల్నాడు, గ్యాంగ్, హెడ్! ఈ మూడూ ఒకే కాగితం మీదా? బాంబుల గురించి తప్ప నిన్ను ఇంకేమీ అడగరు."

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వక చస్తానా? మా వైపు కొట్టుకున్నా పేపరోళ్ళు ముఠా తగాదా అనే రాస్తారు, కలిసి బండలెత్తినా ముఠా అనే అంటారు. మాచర్లలో ఏ ముఠా ఏదో చెప్పుకోకుండానే అందరికీ అర్థమవుతుంది. ఢిల్లీలో ఎలా అర్థమవుతుంది?

ఇక్కడ తప్పు సారు మీదికి తోసేస్తే నాకు హాయిగా ఉంటుంది గానీ, అలా కుదరదు. 'లోడింగ్ వర్కర్ అని రాసెయ్' అని ఆయన సుబ్బరంగా చెప్పాడు. రాయనిది నేను. వర్కర్ అనే మాట దగ్గర పెన్ను ఆగిపోయింది. ఎనిమిదేళ్ళు హోదాల పేర్లతోనే బతికినదాన్ని కదా, ఏ మాట రాస్తే ఎదుటివాడి చూపు ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. 'లేబర్ కంట్రాక్టర్' అని రాసి, రెండోసారి చూడకుండా పంపేశాను.

ఆ సాయంత్రం నాన్నకు ఫోన్ చేశాను. ఫారం నింపావా, నా గురించి ఏం రాశావు అని అడిగాడు.

"ముఠా మేస్త్రిని ఇంగ్లీషులో ఏమంటారమ్మాయ్?"

"లేబర్ కంట్రాక్టర్ అంటారు నాన్నా."

"ఓర్నీ! అంత పెద్ద పేరుందా నాకు?" అని ఫోను పక్కకు తీసి ముఠా వాళ్ళకు అరిచి చెప్పాడు. "ఒరేయ్, వినండ్రా, నేను లేబర్ కంట్రాక్టర్నంట!" అటు నుంచి ఒకటే గోల. "అయితే ఈ పూట నుంచి మా టీలు నీయే కంట్రాక్టరుగారూ!" అని ఎవరో అన్నారు. "మాకు దసరా బట్టలేయి సామీ?" అని ఇంకొకరు. మా నాన్న నవ్వుతుంటే దగ్గు వచ్చింది. అంతమంది నవ్వులో నా అబద్ధం కూడా సరదాగానే అనిపించింది.

ఇంటర్వ్యూ రోజు నీరెండలో ఆ పెద్ద భవనం గేటు ముందు నిలబడ్డప్పుడు నాకు భయం లేదు. బల్లకు అటువైపు కూర్చుని కొన్ని వందల మందిని ప్రశ్నలడిగినదాన్ని, ఇటువైపు కూర్చోవడానికి భయమేంటి అనుకున్నాను. లోపల అయిదుగురున్నారు. మధ్యలో ఛైర్మన్‌గారు, మెత్తటి గొంతు మనిషి. ఆయన కుడివైపు చివర నూలు చీరలో ఒక పెద్దావిడ. మాట్లాడిందంతా ఇంగ్లీషులోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఛైర్మన్‌గారు కంపెనీ పనితో మొదలుపెట్టారు. ఎనిమిదేళ్ళలో ఎక్కువ మందిని ఏ కారణంతో కాదన్నారు అని అడిగారు.

"రెజ్యూమెలో అబద్ధం రాసినందుకు సార్."

"మరీ చిన్న అబద్ధమైతే?"

"అబద్ధానికి చిన్నాపెద్దా ఉండదు సార్."

ఎంత ధీమా! తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు కంపరమెత్తుతుంది. ఆయన తలూపి ఏదో రాసుకున్నారు. ప్రైవేటు ఉద్యోగం ఎందుకు వదిలేశారు, ఆఫీసులో నేర్చుకున్నది ప్రభుత్వంలో ఏం పనికొస్తుంది, నాగార్జునసాగర్ కింద చివరి భూములకు నీళ్ళు ఎందుకు అందవు అని మిగతావాళ్ళు అడిగారు. అన్నీ బాగానే చెప్పాను. అప్పుడు ఆ పెద్దావిడ నా ఫారం ముందుకు లాక్కుంది. ప్రశ్నల తీరు చూస్తే కార్మికుల సంగతులు బాగా తెలిసిన మనిషి.

"మీ నాన్నగారు లేబర్ కంట్రాక్టర్. మీ దగ్గర రాళ్ళ పనిలో కూలీకి దెబ్బ తగిలితే కంట్రాక్టరు ఏం చేస్తాడు?"

నష్టపరిహారం చట్టం అందుకున్నాను. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"చట్టం నాకూ తెలుసమ్మా. మీ ఇంట్లో నువ్వు కళ్ళతో చూసింది చెప్పు. నిజాయితీగా."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అవకాశం ఏ మనిషికీ రాదు. 'మేడం, ఆ మాట తప్పు రాశాను, మా నాన్న కంట్రాక్టరు కాదు, కూలీ' అంటే అయిపోయేది. కానీ అబద్ధానికి చిన్నాపెద్దా ఉండదని అరగంట కూడా కాకముందే చెప్పి కూర్చున్నాను. ఫారంలో తప్పు రాశానని నా నోటితో ఒప్పుకుంటే అసలుకే ఎసరు. పోనీ మా నాన్న మంచి కంట్రాక్టరు, దెబ్బ తగిలినవాళ్ళను దగ్గరుండి చూసుకుంటాడు అని చెబుదామా? కూతురు తండ్రిని వెనకేసుకొస్తోందని నవ్వుకుంటారు. బల్లకు అటువైపు కూర్చున్న రోజుల్లో నాకు ఎలాంటి జవాబు నచ్చేదో గుర్తొచ్చింది. తన మీద తనే నేరం ఒప్పుకునేవాళ్ళు నాకు నచ్చేవాళ్ళు. వాళ్ళకు మంచి మార్కులు వేసేదాన్ని. ఇదంతా ఆలోచించడానికి నాకు రెండు క్షణాలు కూడా పట్టలేదు.

"నిజాయితీగానే చెబుతాను మేడం, చెప్పడానికి కష్టంగా ఉన్నా సరే. నేను ఏడో తరగతిలో ఉండగా ఒక కూలీ చెయ్యి బండ కింద పడి నలిగింది. రెండు వేళ్ళు. మా నాన్న ఆ చేతికి గుడ్డ చుట్టి అతన్ని ఇంటికి పంపించేశాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళలేదు. మర్నాడు పొద్దున అతని చోట ఇంకో మనిషిని పెట్టుకున్నాడు. అతను బతికాడా చచ్చాడా అని కూడా మళ్ళీ అడగలేదు."

చెప్పిందంతా జరిగిందే. కాకపోతే ఆ నలిగిన చెయ్యి మా నాన్నది.

గుడ్డ చుట్టి పంపింది ఫ్యాక్టరీ యజమాని. నాన్న ఇంటికి నడిచి వచ్చేసరికి ఆ గుడ్డ తడిసి ముద్దయి, మా గడప మీద చుక్కలు పడ్డాయి. ముఠా వాళ్ళే ఆటో మాట్లాడి నరసరావుపేట తీసుకెళ్ళారు. చిటికెన వేలూ దాని పక్క వేలూ తీసేశారు. కుడి చెయ్యి. ఇక బండ పట్టుకోలేడని యజమాని వద్దన్నాడు. కొన్నాళ్ళకు ముఠా వాళ్ళు మా ఇంటికొచ్చి, "నువ్వు ఎత్తొద్దులే అన్నా, మా ముందు నిలబడి కేకేస్తే చాలు, ఆ గొంతు మాలో ఎవడికీ లేదు" అని చెప్పి వెంటబెట్టుకుపోయారు. అంతకుముందు ఆ ముఠాకు మేస్త్రి అంటూ ఎవరూ లేరు. ఆ వేళ్ళు పోబట్టే నాన్న మేస్త్రి అయ్యాడు. నా చదువంతా ఆ కేకల మీద నడిచింది. అలాంటి మనిషిని నేను తీసుకెళ్ళి, ఆ గుడ్డ చుట్టి పంపినవాడి చోట నిలబెట్టాను.

ఆవిడ నన్ను కళ్ళార్పకుండా చూసింది.

"అది చాలా అమానుషం. నీకు తెలుసా?"

"తెలుసు మేడం."

"రేపు నువ్వు ఆఫీసరువైతే అలాంటి కంట్రాక్టరును ఏం చేస్తావు?"

"లైసెన్సు రద్దు చేసి కేసు పెడతాను."

"మీ నాన్నైనా?"

"మా నాన్నైనా మేడం."

ఛైర్మన్‌గారు ముందుకు వంగారు. సొంత తండ్రి గురించి ఇలా చెప్పడానికి ధైర్యం కావాలి అన్నారు. ఆయన ఎడమవైపు ఉన్నాయన, అలాంటివాళ్ళ ఇంట్లో పుట్టి కూడా నువ్విలా ఆలోచించడం గొప్ప విషయం అన్నాడు. నేను తల వంచుకున్నాను. సిగ్గుతో కాదు. అప్పుడు తల వంచుకుంటే బాగుంటుందని వంచుకున్నాను.

బయటికొచ్చాక నాకు ముందు వచ్చింది ఏడుపు కాదు, సంతోషం. అది కూడా దాచకూడదు. ఇంటర్వ్యూ ఎక్కడ గెలిచామో మనకు తెలిసిపోతుంది. మెట్రో ఎక్కేదాకా నా మొహం మీద నవ్వు చెరగలేదు. సీటు దొరికి కూర్చోగానే నాన్న ఫోను.

"ఏందమ్మాయ్, ఎట్టా జరిగింది?"

"బాగా జరిగింది నాన్నా."

"నా గురించి ఏమన్నా అడిగారా?"

"ఆఁ. అడిగారు."

"నిజంగా? ఏమడిగారు, ఏమడిగారు?" చిన్నపిల్లాడిలా అడిగాడు. అంత పెద్దవాళ్ళ నోట తన ప్రస్తావన వచ్చిందని ఆయన సంబరం. వచ్చాక చెబుతాలే, ఇక్కడ సిగ్నల్ లేదు అన్నాను. సిగ్నల్ నిక్షేపంలా ఉంది. ఫోను ఒళ్ళో పెట్టుకున్నాను. నేను దిగాల్సిన స్టేషను దాటిపోయినా లేవలేకపోయాను. ఏం చేశావే నువ్వు, ఏం చేశావే అని నన్ను నేనే తిట్టుకుంటూ చివరి స్టేషను దాకా పోయాను.

ఇంటికి వెళ్ళాక నాన్న రెండుసార్లు అడిగాడు. ఒకసారి తలనొప్పి అన్నాను, ఇంకోసారి ఫలితాలు రానియ్ నాన్నా అన్నాను. మూడోసారి ఆయన అడగలేదు.

ఫలితాల్లో నా నంబరుంది. తరవాత మార్కులు చూసుకుంటే, రాతపరీక్షల్లో నావి బొటాబొటిగా ఉన్నాయి. నన్ను ఒడ్డున పడేసింది ఇంటర్వ్యూనే. అంటే ఆ చెయ్యే. ఫ్యాక్టరీవాడు వద్దని విసిరేసిన ఆ చేతిని నేను ఏరుకుని వాడుకున్నాను, అది కూడా తిరగేసి.

ఫలితాలొచ్చిన మర్నాడు నాన్న నన్ను పని దగ్గరికి తీసుకెళ్ళాడు. లారీ సగం నిండి ఉంది. పాలిష్ పట్టిన బండల్ని నిలువునా పేర్చి, మధ్యమధ్యలో వరిగడ్డి కూరుతున్నారు. నన్ను చూసి పదకొండు మందిలో ఒక్కడు కూడా పనిలో నిలబడలేదు. అందరూ దిగి వచ్చారు. తెల్లదుమ్ము కొట్టుకున్న చేతులు లుంగీలకు తుడుచుకుని, నాకు షేక్‌హ్యాండ్ ఇవ్వాలా వద్దా అని ఆగిపోయారు. నేనే ఇచ్చాను. బజ్జీలు తెప్పించారు. టీ గ్లాసు నాకొక్కదానికే కడిగి ఇచ్చారు. అందరిలోకీ పెద్దాయన, నేను పెదనాన్నా అని పిలిచే ఆయన, నా ఎదురుగా బండ మీద కూర్చున్నాడు.

"మీ నాన్న గురించి అడిగారంటగా అమ్మాయ్, ఢిల్లీలో?"

"అడిగారు పెదనాన్నా."

"చెయ్యి సంగతి చెప్పావా మరి?"

అందరూ నా వైపు చూశారు. నాన్న లారీ చక్రం దగ్గర నిలబడి గడ్డిపోచ తుంచుతున్నాడు.

"చెప్పాను."

"అంతా చెప్పావా? గుడ్డ చుట్టి పంపించాడనీ, తెల్లారి ఇంకోణ్ణి పెట్టుకున్నాడనీ?"

"అంతా చెప్పాను పెదనాన్నా."

"మరి ఏమన్నారే వాళ్ళు?"

"అమానుషం అన్నారు. అలా చేసినవాడి లైసెన్సు రద్దు చేయాలన్నారు. కేసు పెట్టాలన్నారు."

ఒక్కసారిగా కేకలు. "అద్దీ! చూశావా మేస్త్రీ? ఇన్నేళ్ళకి ఒకళ్ళు అన్నారు! మాచర్లలో ఒక్కడు నోరెత్తలా, ఢిల్లీలో తిట్టారు చూడు!" అని పెదనాన్న తొడ చరిచాడు. ఇంకొకాయన నాన్న వీపు మీద కొట్టాడు. నాన్న తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆయన ఏడవడం నేను అదే మొదటిసారి చూడడం. వేళ్ళు తీసేసిన రోజు కూడా ఏడవలేదు.

చెప్పెయ్యాలనుకున్నాను. నోటిదాకా వచ్చింది. వాళ్ళు తిట్టింది నిన్నే నాన్నా, ఆ గదిలో అయిదుగురికీ ఆ పని చేసినవాడివి నువ్వే అని అనాలి. పన్నెండు మంది సంతోషం ముందు, అందులోనూ ఆ తువ్వాలు ముందు, చెప్పాల్సింది మింగేసి బజ్జీ కొరికాను.

తిరిగి వచ్చేటప్పుడు నాన్నా నేనూ ఇద్దరమే నడిచాం. రైలు గేటు పడి ఉంటే ఆగాం. అప్పుడు నెమ్మదిగా అడిగాడు.

"అమ్మాయ్, ఆ జేసినోడు ఎవరని కూడా చెప్పావా వాళ్ళకి?"

వాళ్ళ ముందున్న కాగితంలో మా నాన్న పేరు పెద్ద అక్షరాల్లో ఉంది.

"తెలుసు నాన్నా వాళ్ళకి."

ఆయన మొహం మారిపోయింది. "అయ్యో, ఎందుకు చెప్పావమ్మా? సంగతి చెబితే సరిపోయేది గదా. మనిషిని ఎందుకు బయటపెట్టడం?"

"ఆయన చేసింది చిన్న తప్పా నాన్నా?" అన్నాను. ఆ మాట అనగలిగినందుకు నా నాలుక తెగిపడాలి.

"తప్పేలే. చానా పెద్ద తప్పే. నేను కాదన్నానా?" గేటు అవతల రైలు పోతోంది. అది పోయేదాకా ఆగి, నా వైపు తిరిగాడు. "అయినా అంతమంది పెద్దోళ్ళలో ఒక మనిషిని అట్టా నిలబెట్టకూడదు తల్లీ. ఆయనకీ ఒక ఆడపిల్లుంది, నీ ఈడుదే. వాళ్ళ నాన్నని అట్టా అన్నారని తెలిస్తే ఆ పిల్ల ఎంత బాధపడుద్ది?"

గేటు లేచింది. ఆయన వెనకాలే పట్టాలు దాటాను.